దర్జీ బల్ల మీద బఫే

కోలారు జిల్లాలో మొట్టమొదటిసారి బఫే పెట్టింది నేను. అప్పటికి నాకు పదేళ్ళు. నలభై రకాల వంటకాలు. నూటయాభై మంది జనం. గనుల దొర ఒకాయన దారిన పోతూ వాసనకు ఆగి, మా లైను ఇంటి ముందు నిలబడి ఒబ్బట్లు తిని, టోపీ తీసి మా అమ్మకు దండం పెట్టి మరీ వెళ్ళాడు.

మొన్న కోలారు పక్కన తమకలో మా మిద్దె మీద నిలబడి ఈ మాట చెబితే, మా మనవరాలు ఫోన్లోంచి తల ఎత్తకుండా, "పోయిన పండక్కి ముప్పై రకాలన్నావు తాతా" అంది.

ఏడాదికి పది రకాలు పెరగడం పెద్ద విషయం కాదు. నా వయసుకు వస్తే ఆ పిల్లకే తెలుస్తుంది.

ఆమె కొడుక్కి వచ్చే ఆదివారం చెవులు కుట్టిస్తున్నారు. వంటవాళ్ళను పిలవకూడదు, అన్నీ మనమే వండుకుందాం, మిద్దె మీద బఫే పెడదాం అని ఆమె తీర్మానించింది. చిత్రాన్నం ఎవరు, ఒబ్బట్లు ఎవరు అని ఫోన్లో పంపకాలు చేసింది. పితికిన పప్పు మాత్రం మా అక్కకు వదిలేసింది. మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. ఊరినుంచి నాలుగు రోజుల ముందే దిగి, నీడలో చాప వేసుకుని, నానబెట్టిన అనపగింజల గంపను ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. చలికాలపు అనపకాయకు ఒక జిడ్డు వాసన ఉంటుంది. మా వైపు దాన్ని సొగడు అంటారు. రెండు రోజులు సబ్బుతో కడిగినా వేళ్ళను వదలదు. ఆ వాసన తగిలే సరికి నాకు మాటలు ఆగలేదు.

షామియానా అంగడి నుంచి వచ్చిన పొడుగు బల్లల మీద మనవరాలు స్టీలు పాత్రలు వరుసగా పేర్చి చూసుకుంటోంది.

"వాటిని కింద పెట్టమ్మా" అన్నాను.

"బఫే కింద పెడతారా యాడన్నా? వచ్చినోళ్ళు వంగి వంగి నడుములు పట్టుకుంటారు."

"వేడి పాత్ర ఎత్తులో పెట్టకూడదు."

"ఎవురు చెప్పినారు తాతా?"

చాంపియన్ రీఫ్స్ నేల చెప్పింది. మేం పెరిగింది అక్కడి బంగారు గని కూలీల లైన్లలో. మైలుకు పైగా లోతున రాయి ఒత్తిడికి పగిలితే, పైన మా ఇళ్ళ కింద నేల అదిరేది. దాన్ని బర్స్ట్ అనేవాళ్ళు. అందుకని లైన్లలో ఏ ఆడమనిషీ పులుసు గిన్నెను గూట్లో పెట్టేది కాదు. అన్నీ నేల మీదే. నేల అదిరిందా, చేతికి ఏ గిన్నె దగ్గరుంటే దాన్ని పట్టుకోవాలి. అది మాకు ఎవరూ నేర్పలేదు. అన్నం తినడం ఎవరు నేర్పారని?

ఆ చలికాలం మా చంటి తమ్ముడికి చెవులు కుట్టాల్సి వచ్చింది. బిడ్డ మేనమామ ఒడిలో కూర్చుంటేనే చెవి కుట్టాలి. మామ రావాలంటే మామ నాయన రావాలి. అంటే మా అమ్మ నాయన. ఆయన్ని మేము ఊరి తాత అనేవాళ్ళం.

ఊరి తాత నాలుగెకరాల రాగి చేను చూసి మా నాయనకు పిల్లనిచ్చాడు. పెళ్ళైన రెండేళ్ళకే నాయన ఆ చేను వదిలి గనిలో దిగాడు. అప్పుడు ఊరి తాత ఊరందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. "మనిషి మట్టి కిందికి పోయేది ఒకేసారి, అదీ నలుగురు ఎత్తుకోని పోతే. రోజూ తనంతకు తానే పోయి వచ్చేవాడి ఇంట్లో నేను మెతుకు ముట్టను" అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. రెండుసార్లూ గడప బయటే కూర్చున్నాడు. చెంబుతో నీళ్ళిచ్చినా పక్కన పెట్టేశాడు. ఆయన వెళ్ళిపోయాక అమ్మ ఆ నీళ్ళను పారబోయకుండా తిరిగి కడవలో పోసుకునేది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఈసారి అట్లా కుదరదు. పండక్కి మా అత్త వస్తోంది. మా నాయన అక్క. ఆమె నోట్లో పడిన సంగతి బంగారుపేట జంక్షన్లో రైలు మారకుండానే చిత్తూరు దాకా పోతుంది. పైగా మాలో ఒక పద్ధతి ఉంది. చెవులు కుట్టే పండగ బంతిలో మొదటి ఆకు అమ్మ పుట్టింటి పెద్దదే. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు చెయ్యి కలపాలి. ఊరి తాత ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే బంతి మొత్తం చేతులు కట్టుకునే కూర్చోవాలి. అమ్మకు అది తలుచుకుంటేనే నిద్ర పట్టేది కాదు.

"మీ నాయన ఈసారైనా తింటాడా, ఈసారి కూడా మా తమ్ముని మొహాన ఊసి పోతాడా?" అని అత్త బండి దిగుతూనే అడిగింది. ఆమె బెల్లం మూట ఇంకా చంకలోనే ఉంది.

అమ్మ లోపలికి పోయింది. అనపగింజల గంప తెచ్చి నడింట్లో పెట్టింది.

ఆ సాయంత్రం లైనంతా మా ఇంట్లో కూర్చుని గింజలు పితికింది. నేనూ అక్కా పితికిన పప్పును గిన్నెలో కాకుండా ఒకరి కంట్లోకి ఒకరం గురిపెట్టి వదిలేవాళ్ళం. నా గురి ఎంత గొప్పదంటే ఒక పప్పు అత్త తాంబూలం నములుతున్న నోట్లోకి నేరుగా పోయింది. సరే, నోట్లోకి కాదు. కొప్పులో ఇరుక్కుంది. మర్నాడు సాయంత్రం దాకా అక్కడే ఉంది.

పక్కింటి బట్లరు మామ కూడా వచ్చి ఒక గుప్పెడు ముందేసుకున్నాడు. ఆయన అరవ మనిషి. దొరల క్లబ్బు వంటింట్లో పని. దొరల విందు ఎట్లుంటుందని ఎవరో అడిగితే చెప్పాడు.

"దొరలకి బంతీ లేదు, ఆకూ లేదు. ఒకటే టేబుల్. ఎవురికి కావల్సింది వాళ్ళే ఎత్తుకోని, నిలబడుకోనే తినేస్తారు. అందరూ తిరగతా ఉంటారా, ఎవురు తినినారు, ఎవురు తినలేదు, ఆ దేవుడికి కూడా తెలీదు."

అమ్మ చేతిలో గింజ ఆగిపోయింది.

"ఆ ఆఖరి మాట ఇంగొకసారి చెప్పన్నా" అంది.

ఆలోచన నాదే అని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాను. నాది కాదు. అప్పుడు నేను అత్త కొప్పు వెనక నుంచి పప్పు తీయాలని తంటాలు పడుతున్నాను. కానీ బల్ల తెచ్చింది నేనే. ఇందులో అబద్ధం లేదు. లైను చివర దర్జీ దగ్గర గుడ్డలు కత్తిరించే పొడుగు బల్ల ఉండేది. దాన్ని ఒంటి చేత్తో మోసుకొచ్చాను. అంటే, దర్జీ ఒక వైపు, ఆయన తమ్ముడు ఒక వైపు పట్టుకుంటే నేను ముందు నడిచి దారి చూపించాను.

అక్క ఆ బల్లను చూడగానే మొహం ముడిచింది. "పైన వద్దు మా. చాప పరిచి నేల మీద పెడదాం. నేల అదిరితే?"

"దొరలు చాప మీద పెడతారా?" అన్నాను నేను.

అమ్మ ఒక్క క్షణం బల్లనూ నేలనూ మార్చి మార్చి చూసింది. "మొన్న బుధవారమే గదా వచ్చి పోయింది. ఇంగ వారం దినాలు రాదులే" అంది, చీటీ రాసిపెట్టి వెళ్ళిన చుట్టం గురించి చెప్పినట్టు. లైన్లలో అందరికీ ఆ భ్రమ ఉండేది. ఒకసారి వచ్చి పోతే దాని వంతు తీరిపోయిందనుకునేవాళ్ళం.

ఇక మిగిలింది నాయనకు చెప్పడం. డ్రిల్లు మిషను నడిపి నడిపి ఆయన చెవులు మందగించాయి. తనకు వినపడనిది ఎవరికీ వినపడదనుకుని అన్ని మాటలూ కేకలు పెట్టి చెప్పేవాడు. అమ్మ ఆయన్ని పెరట్లోకి పిలిచి చెవిలో రహస్యం చెప్పింది. ఆయన అంతా విని, తానూ గుసగుసలాడుతున్నాననుకుని, "ఓహో! మీ నాయన తినకపోయినా ఎవురికీ తెలీకుండా ఉండేదానికా ఇదంతా!" అన్నాడు. మూడో లైనులో కుక్క లేచి మొరిగింది. నడింట్లో పడుకున్న అత్త లేచి కూర్చుంది.

పండగ పొద్దున ఊరి తాతా మామా వచ్చారు. మామ ఒడిలో తమ్ముడు కూర్చున్నాడు. కంసాలి తీగ గుచ్చాడు. వాడు ఏడ్చాడు. మామ వాడికంటే ఎక్కువ ఏడ్చాడు. ఊరి తాత గడప దాటి లోపలికి వచ్చి బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, మళ్ళీ గడప బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంటి ముందు పందిట్లో దర్జీ బల్ల మీద అమ్మ పాత చీర పరిచి గిన్నెలు పెట్టారు. నలభై రకాలన్నాను గదా. అన్నం, పితికిన పప్పు, చారు, చిత్రాన్నం, వడలు, ఒబ్బట్లు, ఊరగాయ. ఉప్పును కూడా కలిపితే ఎనిమిది. జనం అరవై మంది, చంకలో బిడ్డలతో సహా. దొర రాలేదు. బట్లరు మామ వెంట క్లబ్బు కుక్క వచ్చింది.

తీరా చూస్తే ఎవరూ బల్ల దగ్గరికి రారు. పళ్ళేలు చేతికిస్తే, తీసుకుని పందిట్లో వరుసగా మఠం వేసుకుని కూర్చుని, వడ్డించేవాళ్ళ కోసం ఎదురుచూడసాగారు.

"లేసి రండప్పా, మీరే ఎత్తుకోవాలి" అన్నాడు బట్లరు మామ.

"మేమే ఎత్తుకునేదా?" అంది అత్త. "పిలిచినోళ్ళు చూస్తా ఉంటే మనంతకు మనం గిన్నెలో చెయ్యి పెట్టేదానికి, ఇది పండగా, దొంగతనమా?"

చివరికి మా మేనమామ సిగ్గుపడుతూ వెళ్ళి ఒక ఒబ్బట్టు తీసుకుని, ఎవరైనా అరుస్తారేమోనని నలువైపులా చూశాడు. ఎవరూ అరవలేదు. రెండోది తీసుకున్నాడు. మూడోది తీసుకునేటప్పుడు చూడటం కూడా మానేశాడు. అంతే, పందిరి మొత్తం లేచింది. తర్వాత బల్ల దగ్గర జనాన్ని ఆపడం బట్లరు మామ వల్ల కూడా కాలేదు.

ఆ సందట్లో నేను ఊరి తాత చేతిలో ఒక పళ్ళెం పెట్టి, దాని మీద ఒక వడ పెట్టాను. "ఒట్టి చేతులతో ఉంటే బాగుండదు తాతా. ఊరికే పట్టుకో. తినాల్సిన పన్లేదు" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పళ్ళేన్ని హారతి పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకున్నాడు. దూరం నుంచి చూస్తే తింటున్నట్టే ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒకసారి తొంగి చూసి, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

అత్తకు నమ్మకం కుదరలేదు. పళ్ళెంతో ఆయన చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేసింది. మూడోసారి ఆగింది.

"ఏం పెద్దాయనా, వడ ఎట్లుండాది?"

"గుండ్రంగా ఉండాది" అన్నాడు ఊరి తాత.

అత్త ఇంకేదో అడగడానికి నోరు తెరిచింది. అప్పుడు వచ్చింది.

నేల కింద ఎవరో పెద్ద తలుపు ధడాల్న మూసినట్టు చప్పుడు. పందిరి గుంజలు ఊగాయి. ఇటుక ముక్క ఎత్తు పెట్టిన బల్ల కాలు జారి, గిన్నెలన్నీ ఒకే వైపుకు బయల్దేరాయి. ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు ఒక్క అరుపు అరిచి వీధిలోకి పరుగు. అందరికంటే ముందు మా అత్త. ఆమె పళ్ళెంలోని చారు మాత్రం ఒక్క బొట్టు ఒలకలేదు. లైన్ల వాళ్ళు ఒక్కరూ పరుగెత్తలేదు. చారు గిన్నె బట్లరు మామ చేతుల్లో, అన్నం తపేలా నాయన చేతుల్లో, చిత్రాన్నం పక్క లైను ఆమె చేతుల్లో. ఒబ్బట్లకు ఎవరూ అందలేదు. కుక్కకు అందాయి. పితికిన పప్పు గిన్నె బల్ల అంచు దాటి వంగింది. దాని పక్కన ఉన్నది ఊరి తాత. పళ్ళెం వదిలేసి రెండు చేతులతో ఆ కాగుతున్న గిన్నెను పొట్టకు అదుముకున్నాడు.

తర్వాత అంతా నిశ్శబ్దం. ఎవరి కాలూ కదల్లేదు. గడప దగ్గరికి వచ్చిన అమ్మ మట్టెల వేళ్ళు నేలను పట్టుకుంటున్నట్టు ముడుచుకున్నాయి. పక్క లైను ఆమె మడమ ఒక్కటే వణుకుతోంది. ఆమె పెనిమిటి ఆ పూట షిఫ్టులో లోపలే ఉన్నాడు. ఊరి తాత పగుళ్ళ పాదాల మధ్యకు ఆయన వడ దొర్లుకుంటూ వచ్చి ఆగింది. ఆ పాదాలు అటూ ఇటూ తిరిగి, ఎవరూ కదలకపోవడం చూసి, అవీ ఆగిపోయాయి.

"ఏంది మా, ఎందుకు ఎవురూ మాట్లాడరు?" అని ఆయన మెల్లగా అడగడం వినపడింది.

"సైరను వస్తాదేమోనని నాయనా. లోపల ఎవురికన్నా ఏమన్నా అయితే కూస్తారు."

"రాకపోతే?"

"రాకపోతే పొయ్యి కాడికి పోతాం."

"అల్లుడు లోపల ఉన్న పొద్దు?"

"ఇట్లే నిలబడుకోని ఉంటాను" అంది అమ్మ.

సైరను రాలేదు. ఎంతసేపు చూశామో చెప్పలేను. నాయన, "ఇంగ రాదులే, అన్నం పెట్టండి!" అని అరిచాడు. పక్క లైను ఆమె చిత్రాన్నం గిన్నె దింపి ముక్కు చీదుకుంది. లైను మళ్ళీ ఊపిరి పీల్చుకుంది.

ఇక అసలు సంగతి. ఊరి తాత బొటనవేలి మీద కాగే పప్పు పడింది. చుర్రుమంటే ఎవరైనా ఏం చేస్తారు? వేలు నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని తీయడం మరిచిపోయాడు. తర్వాత రెండో బొటనవేలు కూడా నోట్లో పెట్టుకున్నాడు, దానికి ఏమీ కాకపోయినా. తర్వాత పళ్ళెం అడిగి, మూడు గరిటెలు వేయించుకుని, అత్త వీధిలోంచి కళ్ళప్పగించి చూస్తుండగా, పందిరి నడుమ నిలబడి తిన్నాడు. "భేష్" అన్నాడు. అమ్మ ఏడ్చింది. బల్ల తెచ్చినందుకు నన్ను ఎత్తుకుంది.

ఇదీ మా మనవరాలికి చెప్పిన కథ. పోయిన ఏడు చాంపియన్ రీఫ్స్ వైపు వెళ్ళినప్పుడు మా లైను చూసి వచ్చాను. పైకప్పు లేదు. పందిరి వేసిన చోట ముళ్ళకంప. పైన గని చక్రాలు మాత్రం తుప్పు పట్టి అట్లాగే నిలబడి ఉన్నాయి. నేల ఇప్పుడు అదరదు. అయినా తమకలో మా ఇంటి ముందు బరువు లారీ ఏదైనా పోయి కిటికీ గలగలమంటే, నా చెయ్యి పోయి కంచం పక్కన గిన్నెను పట్టుకుంటుంది. కోడలు నవ్వుతుంది. ఎదురుగా మా అక్క ఉంటే నవ్వదు. ఆమె చెయ్యి చారు గిన్నె మీద ఉంటుంది.

మనవరాలు కళ్ళు తుడుచుకుని, "అయితే పాత్రలు కిందే పెడదాం తాతా" అంది.

"అదంతా అబద్ధం" అంది అక్క, గింజ పితకడం ఆపకుండా.

"ఏది అబద్ధం?" అన్నాను.

"నీకు కనపడింది కాళ్ళే. నేల అదిరిన వెంటనే బల్ల కింద దూరినావు. కాళ్ళ మధ్యకు వచ్చిన ఆ వడ తినింది కూడా నువ్వే. తాత వేలు నాకలేదు, పాడూ లేదు. కాలిన వేలు పంచెకు తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో ఆ పొద్దు ఆయన ఒక్క మెతుకు ముట్టలేదు. అమ్మ ఏడ్చిన మాట నిజమే, అందుకే ఏడ్చింది."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తింది, వేళ్ళ మధ్య ఒక గింజ ఉంది.

"సుమ్నే ఉండు, నడుమ మాట్లాడొద్దు. పండగ అయినాక ఆయనతో ఊరికి పోయింది నేను, నువ్వు కాదు. సెలవులకని నన్ను తోడ్కోని పోయినాడు. దోవలో తినమని అమ్మ నాకు డబ్బా కట్టిచ్చింది, అన్నం, పితికిన పప్పు. బంగారుపేటలో రైలు కోసం కూర్చున్నాం. 'డబ్బా ఇట్లియ్యి మా, బరువు' అని తీసుకున్నాడు. తెరిచినాడు. నా వైపు వీపు తిప్పుకోని అంతా ఆయనే తినేసినాడు. నాకు ఒక్క ముద్ద పెట్టలేదు. కొళాయి కాడ డబ్బా ఆయనే తోమి, నాకు రెండు బన్నులు కొనిచ్చి, 'మీ అమ్మకు చెప్పొద్దు' అన్నాడు. నేను ఇంటికి తిరిగొచ్చి, గడప కాడనే చెప్పేసినా. అమ్మ నాకు ఆకలైందా అని కూడా అడగలేదు. 'ఉప్పు చాలిందంటనా?' అని అడిగింది."